సముద్ర పక్షులను లెక్కపెట్టేదెట్లా?

పొద్దు గూకగానే మనం కోళ్ళను గంప కింద కమ్ముతాం. ఒకటి, రెండు అని లెక్కపెడతాం. ఒకటి తగ్గితే వీధంతా వెతుకుతాం. లెక్క ఉంది కాబట్టే తగ్గిన సంగతి తెలిసింది.

మరి సముద్రం మధ్య కొండ మీద వేల పక్షులుంటే?

బ్రిటన్ దేశంలో, స్కాట్లాండు ఒడ్డు దగ్గర బాస్ రాక్ అనే రాతి దీవి ఉంది. దాని మీద గానెట్ అనే తెల్లని పెద్ద పక్షులు గూళ్ళు కడతాయి. రెక్కలు చాపితే మనిషి పొడవుంటాయి. జంటకు ఏడాదికి ఒక్కటే గుడ్డు.

ఏ పక్షిని ఎట్లా లెక్కపెట్టాలో చెప్పే పుస్తకం ఆ దేశంలో 1995లో వచ్చింది. గానెట్‌లు ఎగురుతుంటే లెక్కపెట్టకూడదు. అదే పక్షి తిరిగొస్తే రెండుసార్లు లెక్కకొస్తుంది. జంట ఉన్న గూటిని లెక్కించాలి. గిల్లెమాట్ అనే పక్షి అసలు గూడే కట్టదు. ఉత్త రాతి మీదే గుడ్డు పెడుతుంది. కాబట్టి జూన్ నెలలో, పగటిపూట, ఏటా అదే చోట నిలబడి పక్షులనే లెక్కించాలి.

స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న పిట్ట రాళ్ళ సందుల్లో దాక్కుంటుంది. దాని కూతనే టేపులో వినిపిస్తారు. లోపలినుంచి బదులొస్తే "ఉంది" అని రాసుకుంటారు. తలుపు తట్టి జనాభా లెక్క రాసినట్టే కదూ! కానీ అన్నీ పలకవు. పదింటికి ఎన్ని పలుకుతాయో ముందే చూసుకుని, పలకనివాటిని లెక్కలో కలుపుతారు.

ఇప్పుడు డ్రోన్ వచ్చింది. పెళ్ళిళ్ళలో పైనుంచి ఫొటోలు తీస్తుందే, అదే. కొండ ఎక్కే పని లేదు. కానీ కిందికి దిగితే పక్షులు బెదురుతాయి. గిల్లెమాట్‌లు ఒక్కసారిగా లేస్తే గుడ్లు దొర్లి సముద్రంలో పడతాయి. అందుకే పాత పద్ధతులను తిరగరాయాల్సి వచ్చింది. డ్రోన్ ఎంత ఎత్తున ఎగరాలి? ఏ పక్షుల దగ్గరికి పోకూడదు? ఇవన్నీ రాయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిన్న సోలతో కొలిచిన గింజలను ఇవాళ గ్లాసుతో కొలిస్తే, తగ్గాయో లేదో ఎట్లా తెలుస్తుంది? అందుకని ఒకే ఏడాది పాత పద్ధతిలోనూ, కొత్త పద్ధతిలోనూ లెక్కించి, రెండూ పోల్చి చూడాలి.

2022లో బాస్ రాక్ పక్షులకు బర్డ్ ఫ్లూ సోకింది. వేల పక్షులు చచ్చాయి. బతికిన కొన్నింటికి లేత నీలి కళ్ళు నల్లబడ్డాయి. 2014లో అక్కడ దాదాపు 75 వేల జంటలుండేవి. 2023లో డ్రోన్‌తో లెక్కిస్తే దాదాపు 52 వేలు తేలాయి.

పలక తీసుకోండి. 75 వేలలోంచి 52 వేలు తీసేయండి. ఎన్ని జంటలు తగ్గాయో రాయండి.