పొయ్యి వెలిగించని ఒక పూట



మన సంఘం రమజాన్‌లో పంచే సరుకుల సంచి మీ అందరికీ తెలిసినదే. బియ్యం, గోధుమపిండి, నూనె, చక్కెర, సేమియా, ఖర్జూరం. ఈ సంచికకు ఇంటింటికీ పనికొచ్చే ఒక పాఠం రాయమన్నప్పుడు మేము ముందుగా ఆ సంచిలోకే తొంగిచూశాం. ఖర్జూరం తప్ప మిగిలినవన్నీ పొయ్యి మీదికి ఎక్కవలసినవే. అందులో సగం నూనెలో వేగవలసినవి లేదా పాకంలో మునగవలసినవి. సంచి అందుకునే ఇంట్లో పొద్దంతా బీడీలు చుట్టిన తల్లి అసర్ తర్వాత ఉపవాసంతోనే పొయ్యి ముందు కూర్చుంటుంది. సంచి ఇచ్చే ఇంట్లోనూ ఇఫ్తార్ వేళకు సమోసాలు, మిర్చీలు, ఆ పైన హలీం. రెండు ఇళ్ళలోనూ షుగర్ మాత్రలు ఉంటున్నాయి. అందుకే రోజులో ఒక్క పూట నిప్పు లేకుండా, మాంసం, పాలు, గుడ్డు లేకుండా తినడం గురించి ఈ పాఠం రాస్తున్నాం.

ముందే ఒక మాట. హలాల్ చేయబడిన దేన్నీ ఎవరి మీదా నిషేధించే ఉద్దేశం మాకు లేదు. బక్రీద్ మాంసం బక్రీద్ మాంసమే. పచ్చి ఆహారమే సర్వరోగ నివారిణి అని చెప్పేవారున్నారు, వారితోనూ మేము ఏకీభవించం. మేము చెప్పేది సడలింపు ఉన్న పద్ధతి. పచ్చిగా తినగలిగింది పచ్చిగా, ఉడికించవలసింది ఉడికించి.

సడలింపు ఎందుకో చెప్పడానికి మన తెలుగు నేలకు సంబంధించిన ఒక సంగతే చాలు. 1929 వేసవిలో గాంధీజీ ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు, రాజమండ్రిలో ప్రకృతి వైద్యం చేసే సుందరం గోపాలరావు ఆయనకు వండని ఆహారం గురించి నచ్చజెప్పారు. గాంధీజీ వెంటనే మొదలుపెట్టారు. మొలకెత్తిన గోధుమలు, అప్పుడప్పుడు శనగలు, నూరిన బాదం, దంచిన పచ్చి ఆకులు, నిమ్మకాయలు, తేనె. తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో వివరాలు రాశారు, ఆశ్రమవాసులు కొందరు తోడయ్యారు. ఆగస్టు వచ్చేసరికి విరేచనాలు పట్టుకుని నీరసించి, మళ్ళీ మేకపాలకు మళ్ళారు. ఆ సంగతి కూడా దాచకుండా అదే పత్రికలో రాశారు. అప్పుడాయన వయసు 59. అంతటి పట్టుదల గల మనిషికే మూడు పూటలా పచ్చిది పడలేదు. మన రోజుల్లో మంతెన సత్యనారాయణ రాజుగారి మాటలు విని మొలకలు, పచ్చి కూరగాయలు మొదలుపెట్టిన ఇళ్ళు నిజామాబాద్‌లోనూ ఉన్నాయి. వాళ్ళలో నిలబడినవారు ఎక్కువగా ఒక్క పూటకు పెట్టుకున్నవారే అని మా పరిశీలన.

ఇది మనకు కొత్త తిండి కూడా కాదు. తెలంగాణ ఇంట్లో పచ్చి పులుసు పేరులోనే ఆ సంగతి ఉంది. శ్రీరామనవమికి పక్కింటివారు పంపే వడపప్పు నానబెట్టిన పెసరపప్పే. ఇఫ్తార్ పళ్ళెంలో ఉప్పు, కారం చల్లిన నానిన శనగపప్పు మన పెద్దల కాలం నుంచీ చూస్తున్నదే. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తాజా ఖర్జూరంతో కలిపి దోసకాయ తినేవారని హదీసుల్లో ఉంది. ఒకటి వేడి, ఒకటి చలువ అని మన హకీములు దానికి అర్థం చెబుతారు. ముగ్గురికి ఒక కీరా, తొమ్మిది ఖర్జూరాలు చిన్నగా తరిగి, అర చెక్క నిమ్మరసం పిండి చూడండి. పిల్లలు మొదట మొహం చిట్లించినా గిన్నె ఖాళీ చేస్తారు.

ఇక పచ్చి పులుసు. నలుగురికి పెద్ద నిమ్మకాయంత చింతపండు కడిగి, మూడు గ్లాసుల తాగే నీళ్ళలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టాలి. రెండు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, రెండు పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర, కొత్తిమీరతో కలిపి చేత్తో గట్టిగా నలపాలి. ఈ పని వదిలేస్తే రుచి రాదు. దాన్ని పులుసులో కలిపి, చిన్న బెల్లం ముక్క, ఒక చెంచా నువ్వుల పొడి వేస్తే సరి. చాలామంది మిర్చి నిప్పుల మీద కాల్చి, పైన తాలింపు పెడతారు. పెట్టుకుంటే తప్పేమీ లేదు, సడలింపు అన్నాం కదా. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మసీదుకు రావద్దని హదీసు. వాటిని తినదలిస్తే బాగా ఉడికించి వాసన పోగొట్టమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్టు కూడా గ్రంథాల్లో ఉంది. కాబట్టి ఇఫ్తార్‌లో మగ్రిబ్‌కు ముందు ఉల్లి లేని పులుసు, తరావీహ్ నుంచి వచ్చాక ఉల్లితో పులుసు.

సహరీకి అటుకులు మంచివి. అటుకులు నిజానికి పచ్చివి కావు, వడ్లను నానబెట్టి వేడి చేసి దంచినవి. అయినా మన ఇంట్లో పొయ్యి వెలగదు. గుప్పెడు పచ్చికొబ్బరి, నాలుగు ఖర్జూరాలు నీళ్ళతో రుబ్బి వడకట్టిన పాలలో దొడ్డు అటుకులు పావుగంట నాననిచ్చి, అరటిపండు కోసుకుంటే ఒకరికి కడుపు నిండుతుంది.

మొలకల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మేలు, కీడు రెండూ అక్కడే ఉన్నాయి. పెసర్లు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూటగట్టాలి. రోజుకు రెండుసార్లు విప్పి కడగాలి. చిన్న తోక కనబడగానే తినాలి, వేలెడు పొడవు పెంచనక్కరలేదు. జిగురు వచ్చినా, వాసన మారినా పారేయాలి. మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే రోగక్రిములకూ కావాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ-కోలై క్రిమి వ్యాపించి దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. శుభ్రతకు పేరుపడ్డ దేశంలో జరిగిన మాట ఇది. అందువల్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు, జబ్బుతో నీరసించినవారికి మొలకలు ఉడికించే పెట్టండి. వండిన కూరను నిప్పు కాపాడుతుంది. పచ్చి తిండిని కాపాడేవి చేతులు, నీళ్ళు మాత్రమే. బీడీ పొగాకు పట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా కొత్తిమీర తరగకూడదు. ఆకుకూరలు రెండు మూడు నీళ్ళలో కడిగి, చివరి కడుగుడు తాగే నీళ్ళతో చేయాలి. మురుగునీటి పక్కన పండిన ఆకు అని అనుమానం ఉంటే అది పొయ్యికే.

అన్ని గింజలూ మొలకెత్తించి తినేవి కావు. ఆర్మూరు వైపు ఎర్రజొన్న పండించే రైతులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. లేత జొన్న మేసి పశువులు పడిపోవడం వాళ్ళు చూసినవారే. జొన్న మొలకలో సైనైడ్ విషాన్ని పుట్టించే పదార్థం ఉంటుంది. రొట్టెగా జొన్న ఎంత మేలో, పచ్చి మొలకగా అంత ప్రమాదం. రాజ్మా కూడా పచ్చిగా గానీ, సగం ఉడికించి గానీ తినకూడదు. నానబెట్టి, బాగా మరిగే నీళ్ళలో ఉడికించాలి. పల్లీలు ఆరు గంటలు నానబెట్టి మిర్చి, చింతపండుతో నూరితే మంచి పచ్చడి. కానీ బూజు పట్టినవి, నల్లబడినవి, చేదువి ఏరి పారేయండి. ఆ బూజు విషం కాలేయానికి హాని, వేయించినా పూర్తిగా పోదు.

పచ్చిగా తింటే లాభమేమిటి? జామ, నిమ్మ, కొత్తిమీరలోని సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది. పచ్చిగా తింటే నిలుస్తుంది, పైగా పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత ఉన్నప్పుడు మొలకల మీద నిమ్మకాయ పిండడం చిన్న విషయం కాదు. అయితే క్యారెట్, టమాట సంగతి వేరు. కొంచెం నూనెతో ఉడికిస్తేనే వాటి రంగులోని సత్తువ ఎక్కువగా అందుతుంది. బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు. కొందరు పాలు, మాంసం పూర్తిగా మానేస్తున్నారు, వారు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవలసిందే.

బోధన్ వారికి తీపి ఎవరూ నేర్పనక్కరలేదు. నిజాంసాగర్ నీళ్ళు, వాటి కింద చెరకు, 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, కార్మికుల జీతాలు ఆగాయి. చక్కెర అలవాటు మాత్రం ఆగలేదు. చెరకురసం పచ్చిదే కదా, అల్లం, నిమ్మ కూడా వేశారు కదా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు. ఒక గ్లాసులో ముప్ఫై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, ఆ పైన ఐసు ఏ నీళ్ళదో తెలియదు. షుగర్ ఉన్నవారికి అది మందు కాదు. ఖర్జూరం కూడా లెక్క పెట్టుకునే తినాలి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి మార్చే ముందు డాక్టరుకు చెప్పాలి, తిండి తగ్గి మందు అలాగే ఉంటే షుగర్ బాగా పడిపోతుంది.

ఇప్పుడు రమజాన్ ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది. అదే మన జిల్లాలో పసుపు తవ్వే కాలం. నిజామాబాద్ మార్కెట్‌కు ఎండిన కొమ్ములు చేరకముందు, చేను దగ్గర పచ్చి పసుపు దొరుకుతుంది. చిన్న ముక్క చెక్కు తీసి తురిమి, ముల్లంగి తురుము, నిమ్మరసం, మిరియాల పొడితో కలిపితే అన్నం పక్కకు చాలా బాగుంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు దీన్ని ఎక్కువగా తినకుండా ఉండాలి.

ఇక దాతలతో అసలు మాట. పచ్చి కూరగాయలు తినండని పేదవారికి ఉపన్యాసం ఇవ్వడం మాకు ఇష్టం లేదు. రోజంతా ఇటుకలు మోసే మనిషికి కీరా ముక్కలు బలం ఇవ్వవు, బియ్యం, పప్పు, నూనె కావాలి. కాబట్టి సంచిలోంచి బియ్యం తీయమని మేము అనడం లేదు. చక్కెర, సేమియా కొంత తగ్గించి, ఆ డబ్బుతో రెండు కిలోల పెసర్లు, కిలో పల్లీలు, ఇంకాస్త ఖర్జూరం చేర్చమని అడుగుతున్నాం. వంద గ్రాముల ఎండు పెసర్లలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మొలకెత్తించుకోవచ్చు, పెసరట్టు పోసుకోవచ్చు, పప్పు వండుకోవచ్చు. ఎలా తినాలో ఆ ఇంటి తల్లి నిర్ణయించుకుంటుంది. పచ్చి పూట మాత్రం ముందు మన ఇళ్ళలో, అంటే ఇచ్చేవారి ఇళ్ళలో మొదలు కావాలి. నూనె మూకుడు ఎక్కువసేపు పొయ్యి మీద ఉండేది ఇక్కడే.

మసీదులో వంద మందికి ఇఫ్తార్ ఇప్పించదలచినవారికి మా లెక్క ఇది. పెసరపప్పు మూడు కిలోలు, గంటన్నర ముందు నానబెడితే చాలు. శనగపప్పు కంటే ఇది పెద్దవారికి తేలికగా అరుగుతుంది. కీరా ఎనిమిది కిలోలు, ఖర్జూరాలు మనిషికి మూడు చొప్పున మూడు వందలు, నిమ్మకాయలు నలభై, కొత్తిమీర ఆరు కట్టలు, పచ్చికొబ్బరి ఆరు కాయలు. తరగడం అసర్ నమాజు తర్వాతే మొదలుపెట్టాలి, ముందే తరిగితే నీరు కారి పాడవుతుంది. ఉప్పు, నిమ్మరసం అజాన్‌కు పది నిమిషాల ముందు కలపాలి. నలుగురు మనుషులు, రెండు కత్తిపీటలు, సబ్బు, ఒక బిందె మంచినీళ్ళు ఉంటే పని అయిపోతుంది. మిగిలితే రాత్రికి దాచవద్దు, తరావీహ్‌కు ముందే పంచేయండి.