అక్షరానికి లెక్క

ఆదోని మార్కెట్టుకు పత్తి తెచ్చిన రైతు తూకం వేసేటప్పుడు కాటా పక్కనే నిలబడతాడు. ధర తన చేతిలో లేకపోయినా తూకాన్నయినా కళ్లారా చూసుకొంటాడు. గ్రంథకర్తకు ఆపాటి అవకాశం కూడా లేదు. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి, ఎన్ని అమ్ముడయ్యాయి అనే లెక్క ప్రచురణకర్త వద్దనే ఉంటుంది. 100 రూపాయల వెల గల పుస్తకానికి 10 శాతం రాయల్టీ ఒప్పుకొన్నారనుకొందాం. 1,000 ప్రతులు అమ్ముడయితే రచయితకు 10,000 రూపాయలు రావాలి. 600 ప్రతులే పోయాయని ప్రచురణకర్త చెబితే 6,000తో సరిపెట్టుకోవలసిందే. ఆ మాట నిజమే కావచ్చు. కాని నిజమని తెలుసుకొనే మార్గం రచయితకు లేదు.

పూర్వకవులకు కృతిభర్తలుండేవారు. కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్న ప్రభువు పేరు, వంశం కృత్యాదిలోనే కనిపిస్తాయి. అతడు చేసిన సన్మానం సభాసదులందరూ ఎరిగినదే. అంతమాత్రాన ఆ కవులు స్వతంత్రులని భావించరాదు. పోతన తన భాగవతాన్ని నరులకు అంకితమీయక శ్రీరామునికి సమర్పించడంలో ఆ పరాధీనతపట్ల విముఖత స్పష్టమే.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత కృతిభర్త స్థానంలోకి ముద్రాపకుడు, ప్రచురణకర్త వచ్చారు. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించినప్పుడు దానిని చెన్నపట్టణంలో అచ్చు వేయించవలసి వచ్చింది. కొద్దికాలానికే రాజమహేంద్రవరంలో ముద్రాక్షరశాల నెలకొల్పుకొని ఆయన ఆ ఇబ్బందిని తొలగించుకొన్నారు. అది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. నేటికీ ఎందరో తెలుగు రచయితలు సొంత సొమ్ముతో పుస్తకం అచ్చు వేయించి, కట్టలు ఇంట్లో పెట్టుకొని పంచిపెడుతున్నారు.

ఒంటరిగా సాధ్యం కానిది కలిసికట్టుగా సాధ్యమవుతుందేమో చూద్దాం. సావుకారు ఇచ్చిన నూలు నేసి, అతడు చెప్పిన కూలి పుచ్చుకోవడం నేతగాని స్థితి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నేతపనివారే అందులో సభ్యులు. సాహిత్యరంగంలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. 1945లో కేరళలోని కొట్టాయంలో 12 మంది రచయితలు 120 రూపాయల మూలధనంతో సాహిత్య ప్రవర్తక సహకార సంఘాన్ని ప్రారంభించారు. ఎం. పి. పాల్ దానికి అధ్యక్షుడు, కారూరు నీలకంఠ పిళ్ళై కార్యదర్శి. ఆ సంఘం రచయితలకు 30 శాతం రాయల్టీ చెల్లించింది. రచయితలే యజమానులైనప్పుడు లెక్క దాచవలసిన అవసరం ఎవరికుంటుంది?

చట్టం కూడా రచయితకు కొంత అండగా నిలిచింది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ వ్రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో గడువు పేర్కొనకపోతే అది 5 సంవత్సరాలుగా భావించబడుతుంది. వేరే షరతు లేనప్పుడు, పొందిన హక్కును ప్రచురణకర్త ఒక సంవత్సరంలోగా వినియోగించకపోతే బదిలీ రద్దయినట్లే. ఈ సంగతి తెలియక, అచ్చుకాని వ్రాతప్రతిని తిరిగి అడగడానికే మొగమాటపడే రచయితలున్నారు.

2012లో ఈ చట్టానికి సవరణలు జరిగాయి. వాటి ప్రకారం పాటను మళ్లీ రికార్డు చేసేవారు, చట్టబద్ధ లైసెన్సుపై ప్రసారం చేసేవారు లెక్కల పుస్తకాలు ఉంచి, హక్కుదారు అడిగితే చూపించాలి. 19వ సెక్షనులో మాత్రం అటువంటి మాట లేదు. అందుచేత గ్రంథకర్త లెక్కలు తనిఖీ చేసే హక్కును సంతకానికి ముందే ఒప్పందంలో వ్రాయించుకోవలసి ఉంటుంది.