కాల్షియం ఎందుకు తగ్గుతుంది? సీఏఎస్ఆర్ జన్యువు

రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఆ మట్టాన్ని పసిగట్టేది పారాథైరాయిడ్ గ్రంథి కణాల పైపొరలోని కాల్షియం గ్రాహకం. 1993లో ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్‌ల బృందం పశువుల గ్రంథి నుంచి దీన్ని గుర్తించింది. మనుషుల్లో దీని జన్యువు సీఏఎస్ఆర్ 3వ క్రోమోజోమ్‌పై ఉంది. ప్రొటీన్‌లో 1,078 అమైనో ఆమ్లాలుంటాయి.

పరీక్ష రాసే అభ్యర్థులు తడబడేది ఇక్కడే. ఉత్పరివర్తన అనగానే జన్యువు పని చెడిందనుకుంటాం. సీఏఎస్ఆర్ వల్ల కాల్షియం తగ్గే ఈ వంశపారంపర్య వ్యాధిలో మాత్రం గ్రాహకం పని పెరుగుతుంది. పిల్లి కదిలినా దొంగొచ్చాడని అరిచే కాపలాదారులా, ఉన్న కొద్దిపాటి కాల్షియాన్నే ఎక్కువగా లెక్కగడుతుంది. దాంతో రక్తంలో కాల్షియాన్ని పెంచే పారాథార్మోన్ విడుదల తగ్గుతుంది. మూత్రపిండాలు కూడా కాల్షియాన్ని సరిగా వెనక్కి తీసుకోవు. ఫలితంగా తిమ్మిర్లు, కండరాలు బిగుసుకోవడం, ఒక్కోసారి మూర్ఛ. కొందరిలో ఏ లక్షణమూ కనిపించదు.

ఇది ఆటోజోమల్ బహిర్గత వ్యాధి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. సీఏఎస్ఆర్ వల్ల వచ్చేది ఇందులో మొదటి రకం; రెండో రకానికి కారణం 19వ క్రోమోజోమ్‌పై ఉన్న జీఎన్ఏ11 జన్యువు.

చికిత్సలోనూ మెలిక ఉంది. కాల్షియం, విటమిన్ డి ధారాళంగా ఇస్తే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా చేరి కిడ్నీలో రాళ్లు ఏర్పడవచ్చు. అందుకే లక్షణాలు అదుపులో ఉండేంత మేరకే ఇస్తారు.

దీనికి భిన్నంగా, సీఏఎస్ఆర్ పని తగ్గితే వచ్చేది వంశపారంపర్య అధిక కాల్షియం. జతపరచమన్న ప్రశ్నలో రెండూ పక్కపక్కనే కనిపిస్తే తొందరపడకండి.