కణజాలాలు – అవయవాల పనితీరు

న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణానికి థామస్ ఆల్వా ఎడిసన్ పేరు 1954లో పెట్టారు. 1879లో ఆయన విద్యుద్దీపాన్ని వెలిగించి చూపిన మెన్లో పార్క్ ఈ పట్టణంలోనిదే. దీపంలో సన్నని తీగ, గాజు బుడ్డి, విద్యుత్తు కలసి పనిచేయాలి. ఒకటి లోపిస్తే వెలుగు లేదు. దేహంలోని అవయవం కూడ ఇటువంటిదే.

ఒకే విధమైన నిర్మాణం కలిగి, ఒకే పనిని నిర్వర్తించే కణాల సముదాయమే కణజాలం. జంతువులలో ఇవి ప్రధానంగా నాలుగు రకాలు. ఉపరితలాలను కప్పి రక్షించేది, గ్రంథులను ఏర్పరచేది ఉపకళా కణజాలం. అవయవాలను కలిపి, ఆధారమిచ్చేది సంయోజక కణజాలం. ఎముక, మృదులాస్థి, రక్తం ఈ కోవకు చెందినవే. సంకోచించి కదలికను కలిగించేది కండర కణజాలం. వార్తలను మోసేది నాడీ కణజాలం.

ఈ నాలుగూ కలసిన అవయవానికి చక్కని ఉదాహరణ చిన్న ప్రేగు. దాని లోపలి పొరలోని స్తంభాకార ఉపకళా కణాలు జీర్ణమైన ఆహారాన్ని శోషిస్తాయి. ఆ పొర క్రింద ఉన్న సంయోజక కణజాలంలోని రక్తనాళాలు దానిని గైకొంటాయి. నునుపు కండరాలు ఆహారాన్ని ముందుకు నెడతాయి. నాడులు ఈ కదలికలను క్రమబద్ధం చేస్తాయి.

ఇందులో ఒక కణజాలం చెడితే ఏమగును? స్ప్రూ అనే వ్యాధిలో ప్రేగు ఉపకళ దెబ్బతింటుంది. శోషణ కుంటుపడి, ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాలు దేహానికి అందవు. ఆ ఆమ్లం లేనిదే కణ విభజనకు కావలసిన డి.ఎన్.ఏ. సరిగా తయారుకాదు. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులే. కనుక ఎముక మజ్జ నిరంతరం క్రొత్తవాటిని తయారుచేయాలి. అది సాగక రోగికి రక్తహీనత కలుగుతుంది. ప్రేగులో పుట్టిన లోపం రక్తంలో బయటపడుతుందన్నమాట.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు ఈ స్ప్రూ వ్యాధికే బలియైనారు. అమెరికా చేరిన సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి కండర కణజాలాన్ని పరిశోధించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించారు. కండర సంకోచానికి శక్తినిచ్చేది ఈ ఏ.టి.పి.యే. జర్మనీలో లోమాన్ కూడ అదే కాలంలో స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు.

1940లో సుబ్బారావు న్యూజెర్సీ సరిహద్దును ఆనుకొని ఉన్న పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు ఔషధమైంది.

విభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానిని అడ్డగించి అదుపు తప్పిన విభజనను ఆపవచ్చు గదా! ఆ బృందమే తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

కణజాలాల పేర్లు వల్లెవేయుట పరీక్షకు చాలును. ఒక కణజాలపు మేలు మరొకదానిపై ఎట్లు ఆధారపడునో గ్రహించినప్పుడే విద్యార్థికి దేహం అర్థమవుతుంది.