బొబ్బలకు సాలీడును తిట్టకండి

ప్రశ్న: మాది హన్మకొండ శివారు, ఇంటి వెనకాలే వరి మళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి బాబు మెడ మీద, మా అత్తమ్మ మోచేతి మడతలో ఎర్రటి గీతలు లేచి, మర్నాటికి నీటి బొబ్బలవుతున్నాయి. నిద్రలో సాలెపురుగు పాకిందని అందరూ అంటున్నారు. ఇల్లంతా మందు కొట్టించమంటారా? – ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా. సాలీడు ఒంటి మీద నుంచి పాకిపోయినంత మాత్రాన బొబ్బలు రావు. మీరు రాసినదంతా వరి పొలాల్లో ఉండే పీడెరస్ అనే చిన్న పురుగు పనిలాగా ఉంది. సెంటీమీటరుకు మించదు, సన్నగా ఉంటుంది, చీమలా పరుగెడుతుంది. ఒళ్లు నారింజ, నలుపు పట్టీలు. నడుం దగ్గర నీలి మెరుపు. ఒక్కసారి పట్టి చూస్తే మళ్లీ మరిచిపోరు.

ఇది కుట్టదు, కరవదు. ట్యూబులైటు వెలుగుకు లోపలికొస్తుంది. మెడ మీద వాలితే మనమే నిద్రమత్తులో నలిపేస్తాం. దాని ఒంట్లోని రసం అంటిన చోట వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు మంట, గీత, బొబ్బ. చెయ్యి ముడిచినప్పుడు ఒక పక్కది రెండో పక్కకూ అంటుతుంది. మీ అత్తమ్మ మోచేతి మడతలో రెండు వైపులా ఎదురెదురుగా మచ్చలున్నాయేమో చూడండి, ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే.

ఈ పురుగు పొలంలో సుడిదోమను తింటుంది, రైతుకు చుట్టం. కాబట్టి చంపడం మీద కాక, ఇంట్లోకి రాకుండా చూడటం మీద మనసు పెట్టండి. కిటికీలకు సన్నని జాలీ వేయించండి. పొద్దుగూకాక పొలం వైపు లైట్లు ఆర్పేయండి. మంచాన్ని లైటు కింద నుంచి జరపండి, పడుకునే ముందు దుప్పట్లు దులపండి. ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఊదేసి, ఆ చోటు సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే మాత్రం ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

ఇంకో మాట. ముందు నొప్పి పుట్టి, తర్వాత వీపు నుంచి ఛాతీ వైపు ఒకే పక్కన పట్టీలా బొబ్బలు లేస్తే అది సర్పి. దానికీ సాలెపురుగే చేసిందని పసర్లు పూస్తుంటారు. సర్పికి మంచి మందుంది, మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యం చేయకండి.

ప్రశ్న: గిర్మాజిపేటలో మాది పాత ఇల్లు. బాత్రూం గోడ మీద అరచెయ్యంత సాలీడు, పొట్ట కింద తెల్లటి బిళ్ల. పిల్లలు లోపలికి పోనంటున్నారు. – ఒక తండ్రి

జవాబు: ఆ బిళ్ల దాని గుడ్ల సంచి. గూడు కట్టకుండా, తిరిగి వేటాడే హంట్స్‌మన్ జాతి ఇది. మీ ఇంట్లో బొద్దింకలున్నాయి కనుక వచ్చింది. చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి ఉంటుంది, అంతకు మించి భయం లేదు. పెద్ద మూతి డబ్బా దాని మీద బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య అట్టముక్క జారించి, పెరట్లో వదిలేయండి. తర్వాత జాలీల సందులు, పగుళ్లు పూడ్చి బొద్దింకల సంగతి చూడండి. బొద్దింకలుంటే ఇంకొకటి వస్తుంది.

ప్రశ్న: దసరాకు బూజు దులిపితే దీపావళికల్లా మళ్లీ అంతే. స్ప్రే కొట్టినా పోవడం లేదు.

జవాబు: మూలల్లో బూజు అల్లేది ఎక్కువగా పొడుగు కాళ్ల సన్న సాలీడు. అది దోమల్ని కూడా పట్టి తింటుంది. సాలీడు కాలి కొసల మీద నిలబడి నడుస్తుంది కనుక గోడకు కొట్టిన మందు దాని ఒంటికి చాలా తక్కువ అంటుతుంది. వంటింట్లో పీల్చేది మీరూ మీ పిల్లలూ. ఏడాదికోసారి కాక పదిహేను రోజులకోసారి దులపండి. బూజు కర్రకు తడిగుడ్డ చుడితే గూడుతోపాటు గుడ్లూ అంటుకొస్తాయి. వాకిట్లో తెల్ల బల్బు తీసి పసుపు వెలుగుది పెడితే పురుగులు తగ్గుతాయి, వాటి వెనకాలే సాలీళ్లూ తగ్గుతాయి.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్లో హమాలీని. బస్తాల సందుల్లో సాలీళ్లుంటాయి. కరిస్తే ప్రాణం పోతుందా?

జవాబు: దాదాపు అన్ని సాలీళ్లకూ విషం ఉంటుంది, మనిషికి హాని చేయగలిగినవి చాలా తక్కువ. కట్టెల కుప్పల్లో, రాళ్ల సందుల్లో ఉండే నల్ల సాలీళ్లలో, పొట్ట మీద ఎర్ర మచ్చ ఉన్నవాటితో జాగ్రత్త. అవి కరిస్తే నొప్పి పైకి పాకుతుంది, చెమటలు పోస్తాయి, కండరాలు పట్టేస్తాయి. సరుకుతోపాటు సాలీళ్లూ ప్రయాణిస్తాయన్నది నిజమే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి చెప్పిన అందమైన నీలి సాలీడు అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప డిపోలో దొరికింది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కరిస్తే కండరాలు విపరీతంగా పట్టేస్తాయి. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది, కనిపిస్తే చంపకండి.

బస్తా ఎత్తేముందు కాలితో కదపండి, గ్లౌజులు వేసుకోండి, గోడకు తగిలించిన చొక్కా దులిపి తొడుక్కోండి. కరిస్తే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. కోయొద్దు, తాడు కట్టొద్దు. సాలీడు కాటుకు మన దగ్గర ప్రత్యేక విరుగుడు తయారు కావడం లేదు, పాము విరుగుడు దీనికి పనిచేయదు. నొప్పికీ కండరాల పట్టుకీ డాక్టర్లు మందిస్తారు, చాలామందికి అంతే సరిపోతుంది.

నాకు అసలు భయం వేరే ఉంది. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు ఏదో కరిచింది, కనబడలేదు, సాలీడేలే అని ఊరుకోవడం. కట్లపాము కాటుకు నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం – వీటిలో ఏది కనిపించినా నిమిషం ఆగకుండా 108కు ఫోన్ చేసి ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి. మనిషిని నడిపించకండి.