జాకీ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మా హ్యాచ్‌బ్యాక్ ముందు టైరు పంక్చరైతే మెకానిక్ లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టాడు. ఇట్టే లేచింది. నేనూ అలా చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇట్టే లేవడానికి కారణముంది. బాడీ అంచున జాకీ పెడితే ముందు స్ప్రింగ్ సాగి చక్రం కిందికి వేలాడుతుంది, ఆ తర్వాతే టైరు నేల విడుస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ కింద పెడితే ఆ సాగుడు ఉండదు. అయినా కారుతో వచ్చిన కత్తెర జాకీతో మీరు ఆ పని చేయకండి. కారు లేచేకొద్దీ ఆర్మ్ వాలు మారి జాకీ తల జారుతుంది. పైగా చిన్న కార్లలో చాలావాటికి ఆ ఆర్మ్ వంచిన రేకే. మధ్యలో బరువు పడితే వంగి, టైరు ఒక పక్కే అరుగుతుంది. వర్క్‌షాపుల్లో వాడేది వెడల్పు తల ట్రాలీ జాకీ, అదీ చక్రానికి దగ్గరగా, బాల్ జాయింట్ రబ్బరుకు తగలకుండా.

మీ కారుకు ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు, డోర్ల కింది అంచున చిన్న గాట్లుంటాయి. చేత్తో తడిమితే తెలుస్తాయి. జాకీ అక్కడే. చదునైన నేల, హ్యాండ్‌బ్రేక్, ఫస్ట్ గేరు, ఎదురు మూల చక్రానికి రాయి. టైరు నేలమీదున్నప్పుడే నట్లు కాస్త వదులు చేయండి. మట్టినేలైతే జాకీ కింద చెక్క వేయండి. లేపాక స్టెప్నీని అంచు కిందికి తోయండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరడం మాత్రం వద్దు.

ఆ అంచు తుప్పుపట్టినా, నొక్కుకుపోయినా, కారు ఒక పక్కకు లాగుతున్నా మెకానిక్‌కు చూపించండి. జాతీయ రహదారిపై ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి.