దంత వైద్యశాల నిర్వహణ: నంద్యాల, ఆళ్లగడ్డ ఉదాహరణగా

అవగాహన | బీడీఎస్ చివరి సంవత్సరం – పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ

పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ సిలబస్‌లో ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్ చిన్న అధ్యాయం. స్థలం, భవనం-అమరిక, పరికరాల ఎంపిక, రికార్డులు-లెక్కలు ఇందులోని ప్రధానాంశాలు. చాలామంది వీటిని పరీక్ష ముందురోజు బట్టీపట్టి నాలుగు వాక్యాలు రాసి వచ్చేస్తారు. ఇంటర్న్‌షిప్ ముగించుకుని సొంత క్లినిక్ పెట్టే రోజున అందరికంటే ముందు పనికొచ్చేది ఈ అధ్యాయమే. నంద్యాల, ఆళ్లగడ్డలను ఉదాహరణగా పెట్టుకుని దీన్ని చూద్దాం. అన్నిటికీ కొలమానం ఒక్కటే: మొదలుపెట్టిన చికిత్స పూర్తవుతోందా, లేదా?

స్థలం ఎంపిక

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. నంద్యాల జిల్లా కేంద్రం, రైల్వే జంక్షన్. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇక్కడ రోగుల రాక ఎక్కువ, అద్దెలూ పోటీ కూడా ఎక్కువే. స్పెషలిస్టులకు అనువైన ఊరు.

ఆళ్లగడ్డ ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. రైలు లేదు. శిరివెళ్ల, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు బస్సో, ఆటోనో, బైకో దిక్కు. అందుకే ఇక్కడ బస్టాండుకు దగ్గరగా, వీలైతే కింది అంతస్తులో క్లినిక్ ఉండాలి. కట్టుడు పళ్ల కోసం వచ్చే పెద్దవాళ్లు మెట్లెక్కలేరు.

స్థానిక వృత్తులనూ గమనించాలి. ఆళ్లగడ్డ శిల్పకళకు పేరుపొందిన ఊరు. రాతి ధూళిలో ఏళ్ల తరబడి పనిచేసేవారికి పళ్లు అరిగే ముప్పు ఉంటుంది. కేస్ హిస్టరీలో వృత్తి గురించి అడగాలని పాఠాల్లో చెప్పేది ఇందుకే.

తలుపు తెరవకముందే కావాల్సినవి

- రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఆధారం: దంత వైద్యుల చట్టం–1948. దీని కింద డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1949లో ఏర్పడింది. దాని స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్‌ను తెచ్చే చట్టం 2023లో వచ్చింది.
- క్లినిక్ నమోదు. ఆధారం: ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం–2002. దరఖాస్తు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ద్వారా వెళ్తుంది.
- ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి.
- వ్యర్థాల నిర్వహణకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. పడకలు లేని క్లినిక్‌కూ ఇది వర్తిస్తుంది.

అమరిక, పరికరాలు

కొత్తగా పెట్టేవారు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. అప్పు చేసి ఖరీదైన కుర్చీ కొంటారు, ఆటోక్లేవ్ దగ్గర బేరమాడతారు. మొదట సమకూర్చుకోవాల్సినవి కుర్చీ, కంప్రెసర్, ఆటోక్లేవ్, ఎక్స్‌రే, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు. లేజర్, స్కానర్ లాంటివి కేసులు పెరిగాక కొనుక్కోవచ్చు. కంప్రెసర్ మోత రోగికి వినపడని చోట ఉండాలి. వాడిన పరికరాలు ఒకవైపు నుంచి వచ్చి, కడిగి, ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో శుద్ధయ్యాక మరోవైపు వెళ్లేలా స్టెరిలైజేషన్ గది ఉండాలి.

ఆటోక్లేవ్ ప్రమాణాలు పరీక్షల్లో తరచూ అడుగుతారు: 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల పీడనం, 15 నిమిషాలు; లేదా 134 డిగ్రీల వద్ద 3 నిమిషాలు. ప్యాకెట్‌ను రోగి ఎదుటే చింపి పరికరాలు తీయడం అలవాటు చేసుకోవాలి. శుభ్రత గురించి ఇంతకంటే మంచి ప్రచారం లేదు.

వ్యర్థాలకు బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు–2016 వర్తిస్తాయి:

- పసుపు: రక్తంతో తడిసిన దూది, పీకిన పళ్లు
- ఎరుపు: గ్లవ్స్, ప్లాస్టిక్ గొట్టాలు
- తెలుపు: సూదులు, బ్లేడ్లు
- నీలం: గాజు

శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. అమాల్గం నింపిన పన్నును దహనానికి పంపకూడదు, పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది.

సిట్టింగులే అసలు పరీక్ష

పిప్పి పన్నుతో చెంప వాచి ఒక రైతు వచ్చాడనుకుందాం. డాక్టరు పన్ను తెరిచి, రూట్ కెనాల్ మొదలుపెట్టి, మందు ఉంచి, తాత్కాలిక సిమెంటు పెట్టి పంపుతారు. మర్నాటికి నొప్పి తగ్గుతుంది. నొప్పి పోయాక 30 కిలోమీటర్లు బస్సెక్కి మళ్లీ ఎవరొస్తారు? కొన్నాళ్లకు సిమెంటు ఊడుతుంది, క్యాప్ లేని పన్ను విరుగుతుంది, చివరికి పీకాల్సి వస్తుంది. ‘అక్కడ చూపించుకుంటే ఉన్న పన్ను పోయింది’ అన్న మాట మాత్రం ఊళ్లో మిగులుతుంది.

దీనికి విరుగుడు:

- ఎన్నిసార్లు రావాలో, మొత్తం ఎంత అవుతుందో తొలిరోజే చెప్పి, తెలుగులో కార్డు మీద రాసివ్వాలి.
- కేసు అనుమతిస్తే ఒకే సిట్టింగులో ముగించాలి.
- కేసీ కాలువ కింద వరి కోతల రోజులు, సంక్రాంతి తర్వాత అహోబిలం పారువేట ఉత్సవం పల్లెలు తిరిగే రోజులు చూసుకుని తేదీలివ్వాలి.
- రాని రోగికి మర్నాడే ఫోన్ చేయాలి.

ఫీజులు, లెక్కలు

బ్రేక్ ఈవెన్‌ను ఊహాత్మక లెక్కతో చూద్దాం. అద్దె, జీతాలు, కరెంటు, వాయిదాలు కలిపి నెలకు 90,000 రూపాయలు. ఒక్కో రోగి నుంచి సగటున 800 వస్తే, అందులో మెటీరియల్, ల్యాబ్ ఖర్చు 200. మిగిలేది 600. 90,000ను 600తో భాగిస్తే 150 మంది. నెలకు 25 పనిదినాలైతే రోజుకు ఆరుగురు. ఆ తర్వాత వచ్చేదే ఆదాయం. వాయిదాలు పెరిగితే ఈ సంఖ్యా పెరుగుతుంది, అవసరం లేని చికిత్స అంటగట్టాలన్న ఒత్తిడీ పెరుగుతుంది.

రికార్డులు, నీతి

కేస్ షీటు, సమ్మతి పత్రం, ఎక్స్‌రే, బిల్లు నాలుగూ ఒకే నంబరు మీద ఉండాలి. వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో ఐఎంఏ వర్సెస్ వి.పి.శాంతా కేసులో తేల్చింది. ఫిర్యాదు వస్తే డాక్టరును కాపాడేది కాగితమే.

పల్లెల్లో ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇచ్చి రోగులను రప్పించుకోవడం వృత్తి నీతికి విరుద్ధం. మన చేతికి మించిన కేసును కర్నూలులోని జి.పుల్లారెడ్డి దంత కళాశాలకో, కడప ప్రభుత్వ దంత కళాశాలకో రాసి పంపడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ నిజాయతీని ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

మాదిరి ప్రశ్నలు

1. భారత్‌లో తొలి దంత కళాశాల స్థాపకుడు? – డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్, కలకత్తా, 1920
2. ప్రపంచ నోటి ఆరోగ్య దినం? – మార్చి 20
3. తాగునీటిలో ఫ్లోరైడ్ వాంఛనీయ పరిమితి? – లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే వనరు లేనప్పుడు 1.5
4. వ్యాసరూపం: చిన్న పట్టణంలో దంత క్లినిక్ స్థాపనకు పరిగణించాల్సిన అంశాలను వివరించండి.

నాలుగో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మీకు తెలిసిన ఒక ఊరిని తీసుకోండి. అక్కడికి రోగి ఎలా వస్తాడు, ఎన్నిసార్లు రాగలడు అనే దగ్గర మొదలుపెట్టి మిగతా అంశాలను వరుసగా దానికి ముడిపెట్టండి. రేపు బోర్డు కట్టేటప్పుడూ ఇదే వరుస పాటించండి.